ముప్పైఏడున్నర డిగ్రీల కాపురం

ఇంటి యజమాని అనే పదవికి మన దేశంలో అధికారాలు ఏనాడూ లేవు. కరెంటు బిల్లు మీద పేరు అచ్చవడం ఒక్కటే దానికి దక్కిన గౌరవం. ఈ వేసవిలో ఆ గౌరవం కూడా భారమైపోయింది కనుక, ఏ కోడి మీదా వ్యక్తిగతమైన ద్వేషం లేకుండా, పూర్తి స్పృహతో, తెలుగు గృహస్థులందరి సమక్షంలో ఈ ఫిర్యాదు దాఖలు చేసుకుంటున్నాను.

సారాంశం ఇది. మా పడగ్గదిలో ఒక థర్మాకోల్ పెట్టె ఉంది. అందులో నాటుకోడి గుడ్లున్నాయి. వాటికి 37.5 డిగ్రీల వేడి కావాలి. ముప్పై ఆరున్నర చాలదు, ముప్పై ఎనిమిదిన్నర పనికిరాదు. ఆ అంకె చుట్టూ మా కాపురమంతా ప్రదక్షిణం చేస్తోంది. అందులో నాది గుడి బయట చెప్పులు కాపలా కాసేవాడి స్థానం.

ఏసీ కొన్ననాటి నుంచి అది 24లో ఉండాలా 27లో ఉండాలా అన్నది నాకూ మా ఆవిడకూ మధ్య తేలలేదు. వాదోపవాదాలు నడిచాయి, అర్ధరాత్రి రిమోట్ దొంగతనాలు జరిగాయి, దిండు కింద దాపరికాలు జరిగాయి. అలాంటి ఇంట్లో 37.5 అనే తీర్మానం చర్చ లేకుండా, సవరణ లేకుండా, నేను కూరగాయలకు వెళ్లొచ్చేలోగా ఏకగ్రీవంగా నెగ్గింది. ఇంజినీరింగు చదివే మావాడు ప్రతిపాదించాడు, మా ఆవిడ బలపరిచింది, మా అత్తగారు "శుభం" అన్నారు.

పోరాడదలుచుకున్నవాడు ముందు ఎదుటి పక్షం కాగితాలు చదవాలి. చదివాను. గుడ్డుగారి కోర్కెల పట్టీ చూస్తే అల్లుడి ఆషాఢపు అలకలు గుర్తుకు రావు, అవి నయం. లోపల ఫ్యాను తిరిగే పెట్టెలో గాలి అంతటా ఒకే వేడితో ఉంటుంది కాబట్టి 37.5 చాలట. ఫ్యాను లేని పెట్టెలో వేడిగాలి పైకి చేరుతుంది కాబట్టి, గుడ్డు పైభాగం దగ్గర కొలిచినప్పుడు 38.3 నుంచి 38.9 దాకా ఉండాలట. అంటే ఎంత వేడి కావాలో చెప్పడంతో ఊరుకోదు, థర్మామీటరు ఎక్కడ పెట్టాలో కూడా అదే నిర్ణయిస్తుంది. మా పెట్టెకు ఫ్యాను ఉంది. ఈ సంగతి నొక్కి చెప్పడానికి కారణం ఉంది: రాత్రిపూట కరెంటు పోతే మా ఇంట్లో తిరిగే ఫ్యాను అదొక్కటే. ఇన్వర్టర్ మొత్తాన్ని దానికే రాసిచ్చారు.

మాట నెగ్గకపోతే గుడ్డు ఏం చేస్తుందో వినండి. డిగ్రీ, డిగ్రీన్నర ఎక్కువ వేడి అదేపనిగా తగిలిందా, లోపలి పిండం తొందరపడుతుంది. 21వ రోజున రావలసిన పిల్ల 19కో 20కో పెంకు పగలగొట్టుకుని వచ్చేస్తుంది. చిన్నగా ఉంటుంది, బొడ్డు సరిగా మూసుకుని ఉండదు, కాళ్లలో సత్తువ ఉండదు. వేడి 40 దాటి గంటల తరబడి నిలిస్తే అసలు రావడమే మానుకుంటుంది. పోనీ డిగ్రీ తక్కువైందా, 22, 23 రోజులు లాగుతుంది. వచ్చేటప్పుడు మెత్తటి పొట్టేసుకుని, పచ్చసొన పూర్తిగా లోపలికి లాక్కోకుండా, నిలబడటానికి ఓపిక లేకుండా వస్తుంది. ఇంకా భూమ్మీద పడని ప్రాణి అటొక డిగ్రీ, ఇటొక డిగ్రీ గీత గీసి దాని మధ్యలోనే పుడతానని భీష్మించుకుంది. నలభై అయిదు డిగ్రీల ఎండలో బ్యాంకు క్యూలో నిలబడి వచ్చిన నన్ను మాత్రం "ఏమంత ఎండ ఉందండీ, మబ్బేగా" అంటారు.

అయితే గుడ్డు న్యాయశాస్త్రంలో ఒక విచిత్రం ఉంది. నా కేసుకు మూలం అదే. చల్లబడటాన్ని గుడ్డు చాలావరకు క్షమిస్తుంది. వేడెక్కడాన్ని క్షమించదు. చల్లబడితే పిండం లోపలి పని నెమ్మదిస్తుంది, ప్రాణవాయువు ఖర్చు తగ్గుతుంది, మళ్లీ వెచ్చదనం తగలగానే ఆగినచోటు నుంచి పని సాగుతుంది. వేడెక్కితే ఆ పనే పరుగందుకుంటుంది, గుండె తట్టుకోలేదు. పొదుగు మీద కూర్చున్న పెట్ట రోజుకోసారి లేచి వెళ్లి నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, దుమ్ములో పొర్లి పావుగంటకో ఇరవై నిమిషాలకో తిరిగొస్తుంది. ఆ కాసేపూ గుడ్లు చల్లబడతాయి. ఏ గుడ్డూ కోర్టుకెక్కదు.

ఈ ముక్క నేను ఇంట్లో అందరి ముందూ బిగ్గరగా చదివి వినిపించాను. విన్నవాళ్లు లేరు. కరెంటు పోయిన మరుక్షణం మా ఆవిడ పెట్టె మీద దుప్పటి కప్పుతుంది. దాని మీద మా అత్తగారు ఇంకోటి కప్పుతారు. ఇన్వర్టర్ మోస్తోందో లేదోనని మావాడు మూత ఎత్తి చూస్తాడు. మూత ఎత్తితే ఉన్న వేడి కాస్తా పోతుందని వాణ్ని తిట్టడానికి ఇంకొకరు ఎత్తుతారు. ఇక కరెంటు వచ్చాక అసలు ప్రమాదం మొదలవుతుంది. "పాపం ఎంతసేపు చలిలో ఉన్నాయో, పోయిన వేడి పూడ్చాలి" అంటూ అంకెను ఒక మెట్టు పైకి జరుపుతారు. గుడ్డుకు గండం కరెంటు కోతలో లేదు, ఈ పూడ్చడంలో ఉంది. పట్టించుకోకపోతే గుడ్డు ఆలస్యం చేస్తుంది. మరీ పట్టించుకుంటే ఉడుకుతుంది. శాస్త్రం ఇంత స్పష్టంగా బద్ధకస్తుల పక్షాన నిలబడ్డ సందర్భం నాకు తెలిసి ఇంకోటి లేదు. అయినా ఈ ఇంట్లో ఆ పక్షానికి ప్రాతినిధ్యం దొరకలేదు.

ఇప్పుడు ఏసీ సంగతి. మాది బెజవాడ. వైశాఖంలో పొదుగు పెట్టకూడదని పంచాంగంలో రాసి లేదు కనుక వైశాఖంలోనే మొదలుపెట్టారు. ఈ పెట్టెకు వేడి చేయడం తెలుసు, చల్లబరచడం తెలియదు. గదిలో పాతిక డిగ్రీలుంటే అది 37.5 దాకా ఎక్కించుకుని హాయిగా కూర్చుంటుంది. గదే 42 అయితే, తన బల్బు ఆర్పేసుకుని చేతులెత్తేస్తుంది, గుడ్లు గది వేడిలో పడి మాడతాయి. కాబట్టి పొదగడానికి చల్లటి గది కావాలి. మా ఇంట్లో చల్లటి గది ఒక్కటే. ఆ విధంగా గుడ్లు ఏసీ గదిలోకి, నేను వరండాలోకి బదిలీ అయ్యాం. ఏసీ ఆ గదిని 26కు దించుతుంది. ఆ 26లో కూర్చున్న పెట్టె మళ్లీ 37.5కు ఎక్కిస్తుంది. దించినందుకు ఒక ఖర్చు, ఎక్కించినందుకు ఒక ఖర్చు. బయట సూర్యభగవానుడు అంతకంటే ఎక్కువ వేడిని ఉచితంగా కురిపిస్తుంటే, దాన్ని డబ్బిచ్చి బయటికి గెంటి, డబ్బిచ్చి లోపల మళ్లీ తయారుచేసుకుంటున్నాం. ఆ బిల్లు మీద ఎవరి పేరు అచ్చవుతుందో మొదటి పేరాలోనే మనవి చేసుకున్నాను.

పెట్టెలోకి చేరకముందు కూడా గుడ్లు నన్ను బతకనివ్వలేదు. సుమారు ఇరవై డిగ్రీలకు దిగువన పిండం నిద్రలో ఉంటుందట. ఆపైకి వెళ్తే మేలుకుంటుంది, కానీ 37 దరిదాపులకు చేరకపోతే సవ్యంగా పెరగదు, అరకొరగా పెరిగి మధ్యలో పోతుంది. మన మే నెల వంటింట్లో బుట్టలో పెట్టిన గుడ్డు సరిగ్గా ఈ త్రిశంకు స్వర్గంలో ఉంటుంది. ఫ్రిజ్జులో పెడదామంటే అక్కడ మరీ చలి. పొదగడానికి దాచే గుడ్డుకు 15 నుంచి 18 డిగ్రీలు కావాలి, అదీ వారం మించి దాచకూడదు. మా అత్తగారు ఆలోచించి, ఇంట్లో చల్లటి చోటు మంచినీళ్ల కుండ కింద తడి ఇసుకే అని తేల్చారు. పద్దెనిమిది డిగ్రీలు అక్కడా ఉండవు, ఉన్నంతలో నయమని సర్దుకున్నారు. కుండ గచ్చు మీదికి వచ్చింది. గుడ్లు ఇసుకలో పవళించాయి. నేను కాగిన నీళ్లు తాగాను.

తరువాతి అభియోగం జ్వరం థర్మామీటరు గురించి. పెట్టెతో వచ్చిన థర్మామీటరు ఒకటి చెబుతోంది, మావాడు తెచ్చిన రెండోది ఇంకోటి చెబుతోంది. డిగ్రీ తేడాకే చావుబతుకులున్న వ్యవహారంలో ఎవర్ని నమ్మాలి? నిక్కచ్చిగా చూపించేది జ్వరం థర్మామీటరేనని దాన్ని స్వాధీనం చేసుకున్నారు. నిజానికి ఆ పని సరైనదే, ఎందుకంటే గుడ్డు కోరే వేడి మనిషి ఒంటి వేడికి కూతవేటు దూరంలోనే ఉంది. సరైనదే కాబట్టే నాకు మరీ ఒళ్లు మండింది. వరండా నిద్ర పుణ్యమా అని నాకు ఒళ్లు వెచ్చబడితే, బతిమాలి థర్మామీటరు పెట్టించుకున్నాను. 99.5 చూపించింది. మా ఆవిడ అంకె చూసి, "కరెక్టుగా ఉందండీ" అని సంతోషంగా తీసుకెళ్లిపోయింది. ఫారన్‌హీట్ 99.5 అంటే సెల్సియస్‌లో సరిగ్గా 37.5. నాకు జ్వరం వచ్చిన చోట గుడ్డుకు ఆరోగ్యం మొదలవుతుందన్నమాట.

ఈ అంకెలూ తూనికలూ లేని రోజుల్లో ఏం చేశారని అడిగితే చరిత్ర కూడా నా వైపే సాక్ష్యం చెబుతుంది. ఈజిప్టులో వేల ఏళ్లుగా మట్టి ఇటుకల పొయ్యిల్లో వేలకొద్దీ గుడ్లు పొదిగించారు. పెంటకుప్పల వేడితో గుడ్లు పొదిగిస్తారని అరిస్టాటిల్ రాసిపెట్టాడు. ఆ పొయ్యిలు చూసుకునేవాళ్లు గుడ్డు తీసి కంటిరెప్పకు ఆనించుకుని వేడి సరిపోయిందో లేదో చెప్పేవారు. ఆ విద్య తండ్రి నుంచి కొడుక్కి అందేది, బయటివాళ్లకు చెప్పేవారు కారు. 17వ శతాబ్దం తొలినాళ్లలో డ్రెబెల్ అనే డచ్చి ఆయన తనంతట తానే వేడిని అదుపు చేసుకునే కొలిమి కట్టాడు. దాన్ని గుడ్లు పొదిగించడానికీ వాడాడు. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో రెయోమూర్ అనే మహాపండితుడు ఈజిప్టువాళ్ల రహస్యాన్ని తెలుసుకుని, పెంటవేడితోనూ, రొట్టెల పొయ్యి వేడితోనూ ప్రయోగాలు చేసి పుస్తకమే రాశాడు. ఇంతమంది కష్టపడ్డారు కానీ, ఎవరూ ఇంటి పెద్దను వరండాలోకి నెట్టినట్టు ఎక్కడా నమోదు కాలేదు.

ఇక కోడి. థర్మామీటరు చూడదు, మూత ఎత్తదు. దాని ఒంటి వేడి 41 చుట్టూ ఉంటుంది. పొదుగుకు వచ్చినప్పుడు పొట్ట కింద ఈకలు రాలి, ఆ చోట నెత్తురు ప్రసరణ హెచ్చుతుంది, వట్టి చర్మం గుడ్డును నేరుగా తాకుతుంది. అంచున చల్లబడ్డ గుడ్డును ముక్కుతో లోపలికి లాక్కుంటుంది, లోపలిదాన్ని బయటికి నెడుతుంది. తిప్పడం, తడి చూసుకోవడం అన్నీ దాని పనే. గంపలో ఊక పోసి పది పన్నెండు గుడ్లు పెట్టి కూర్చోబెడితే అయిపోయేదానికి ఇంత రాద్ధాంతమా అన్నాను. మా ఆవిడ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. పొదుగుకు కూర్చున్న పెట్ట గుడ్లు పెట్టదు, పిల్లలు పెరిగేదాకా మళ్లీ పెట్టదు. గుడ్ల కోసం పెంచే జాతుల్లో ఆ పొదుగు గుణాన్నే ఎన్నో తరాలుగా ఏరి తీసేశారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని ఇచ్చిన వనరాజా, గ్రామప్రియ పెట్టలు కూడా కూర్చోవడం అరుదు. "కోడి మానేసిన పని ఎవరో ఒకరు చేయాలి కదండీ" అంది. ఆ ఎవరో ఒకరి పేరు అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

తెలిసింది త్వరలోనే. గుడ్లను రోజుకు కనీసం మూడుసార్లు తిప్పాలి, లేకపోతే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుపోతుంది. తిప్పడం బేసిసంఖ్యలో ఉండాలి, అప్పుడే ఏ పక్కా వరసగా రెండు రాత్రులు కింద ఉండిపోదు. పెద్ద హేచరీల్లో యంత్రం గంటకోసారి గుడ్ల అరలను 45 డిగ్రీలు అటూ ఇటూ వాలుస్తుంది. మా పెట్టెలో ఆ పని చేయాల్సిన మోటారు ఆదిలోనే అటక ఎక్కింది. గుడ్డుకు ఒక పక్క ఇంటూ గుర్తు, రెండో పక్క సున్నా పెన్సిలుతో రాసి, "మీరు ఎలాగూ వరండాలో మెలకువగానే ఉంటున్నారుగా" అని రాత్రి విధి నాకు అప్పగించారు.

రెండో వారం దాటాక ఇంకో ముచ్చట. మొదట్లో బయటి వేడి తాగుతూ బతికిన పిండం, ఇప్పుడు తనే వేడి పుట్టించడం మొదలుపెడుతుంది. వేలాది గుడ్లుండే హేచరీల్లో చివరి వారంలో అసలు తలనొప్పి వేడి చేయడం కాదు, గుడ్ల వేడిని బయటికి తోడెయ్యడం. గాలి వేడి ఎంతుందని కాక, గుడ్డు పెంకు వేడి 37.8 చుట్టూ నిలుస్తోందా అని చూస్తారు వాళ్లు. గుప్పెడు గుడ్లున్న మా పెట్టెలో ఈ గండం అంతగా లేదు. అయినా గుడ్లు వేడి పుట్టిస్తున్నాయన్న వార్త వినగానే మా వాళ్లు ఏసీని ఇంకో రెండు డిగ్రీలు దించారు. నేను ఎన్నేళ్లుగానో అడుగుతున్న 24 అదే!

18వ రోజుతో ఆఖరి అంకం మొదలైంది. ఇక తిప్పకూడదు. వేడి ఒక అర డిగ్రీ తగ్గించాలి. అంతవరకు యాభై శాతం పైచిలుకు ఉన్న తేమను 65, 70 శాతానికి పెంచాలి. అన్నిటికంటే ముఖ్యం, మూత ఎత్తకూడదు. ఎత్తితే తేమ ఎగిరిపోయి లోపలి పొర ఎండి పిల్లను బంధించేస్తుంది. పిల్ల పెంకుకు మొదటి చిల్లి పెట్టాక బయటపడటానికి పన్నెండు గంటలు పట్టొచ్చు, ఇరవై నాలుగు గంటలూ పట్టొచ్చు. ఆ మధ్యలో పడుకుంటుంది, విశ్రాంతి తీసుకుంటుంది, మిగిలిన సొనను పొట్టలోకి లాక్కుంటుంది. సాయం చేద్దామని పెంకు ఒలిస్తే నెత్తురు కారుతుంది. చేయవలసిందల్లా ఏమీ చేయకుండా కూర్చోవడం.

ఇక్కడే నా అభిమానం దెబ్బతింది. ఏమీ చేయకుండా కూర్చోవడంలో నాకున్న సర్వీసు ఈ ఇంట్లో ఇంకెవరికీ లేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా నా గురించి అందరూ మెచ్చుకున్న గుణం అదొక్కటే. అలాంటి నన్ను గదిలోకి రానివ్వకుండా, అర నిమిషం చేతులు కట్టుకోలేని ముగ్గురు ఆ పెట్టె ముందు కూర్చున్నారు. ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు, పాలబ్బాయి వచ్చి చూశారు. ప్రతివాళ్లకూ ఒక సలహా. ఒకాయన గోరువెచ్చని నీళ్లు చల్లమన్నాడు, ఒకావిడ పిల్ల గిలగిల్లాడుతోంది పెంకు తీసేయమంది. అందరి చేతులూ మూత దగ్గరికి వెళ్తుంటే, చివరికి మా అత్తగారే మూత మీద పీట పెట్టి, పీట మీద చెయ్యేసి కూర్చున్నారు. పిల్లలు బతికి బయటపడ్డాయంటే ఆ పీట వల్లే.

పిల్లలు రాగానే పుంజులెన్ని, పెట్టలెన్ని అనే చర్చ లేచింది. మావాడు ఎక్కడో చదివి, మొదట్లోనే వేడి కాస్త అటూ ఇటూ చేసి ఉంటే అన్నీ పెట్టలే వచ్చేవన్నాడు. తాబేళ్లలో, మొసళ్లలో గూటి వేడిని బట్టి ఆడా మగా తేలే మాట నిజమే. కోళ్లలో ఆ బేరం లేదు. తల్లిపెట్ట ఇచ్చిన క్రోమోజోమును బట్టి, గుడ్డు బయటికి రాకముందే అది తేలిపోతుంది. మా అత్తగారు చెప్పినట్టు కోలగుడ్డయితే పుంజు, గుండ్రటిదయితే పెట్ట అన్నదీ నిలవదు. కాబట్టి కాస్త అటూ ఇటూగా సగం పుంజులని లెక్క వేసుకోవచ్చు. 37.5 కోసం ఇల్లు తలకిందులు చేసినవాళ్లు, రేపు తెల్లవారుజామున ఆ సగం గొంతెత్తితే ఎదురింటివాళ్లకు ఏం సమాధానం చెబుతారో ఇంకా ఆలోచించలేదు.

ఇప్పుడు పిల్లలు అట్టపెట్టెలో ఉన్నాయి. పైన బల్బు. మొదటి వారం 35 డిగ్రీలు, తరువాత వారానికి మూడేసి తగ్గించుకుంటూ పోవాలి. ఇక్కడ మాత్రం థర్మామీటరు అక్కర్లేదు. పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పపడితే చలి వేస్తున్నట్టు, బల్బుకు దూరంగా గోడలకు అంటుకుని నోళ్లు తెరిస్తే వేడెక్కినట్టు, అంతటా చెదిరి నూకలు ఏరుకుంటుంటే సరిపోయినట్టు. బెజవాడ మే నెలలో పగలు బల్బే అవసరం లేదు. అంటే పిల్లలకు ఏసీ గదితో పని లేదు. న్యాయంగా ఆ గది నాకు తిరిగి రావాలి.

రాలేదు. రెండో విడత గుడ్లు అప్పటికే కుండ కింద ఇసుకలోకి చేరాయి. అప్పుడు నాకు ఈ ఇంటి రాజ్యాంగం పూర్తిగా బోధపడింది. డిగ్రీ తేడాకు చచ్చిపోతానని బెదిరించేవాడికి గది దొరుకుతుంది. పది డిగ్రీల తేడాకూ చావనివాడికి వరండా దొరుకుతుంది. ఓర్చుకోవడమే నేను ఇన్నాళ్లు చేసిన నేరం. అందుచేత ఇకమీదట నేనూ 24 డిగ్రీల మనిషినని, అర డిగ్రీ పెరిగినా తొందరగా, అర డిగ్రీ తగ్గినా ఆలస్యంగా, ఏ పనైనా సరే చెడగొడతానని మా ఆవిడకు లిఖితపూర్వకంగా తెలియజేశాను.

ఆవిడ కాగితం మొత్తం చదివి, మడిచి, పెట్టె కింద ఎత్తు సరిపోవడానికి పెట్టింది. "గుడ్డుకు ఇరవై ఒక్క రోజులు ఏసీ ఇస్తే పిల్లనిచ్చిందండీ," అంది. "మీకు ఇన్నేళ్లు ఇచ్చాంగా, ఏం పొదిగారు?"